ఓడినా నిలిచిన విన్నపం – గోపాలకృష్ణ గోఖలే

ప్రజలు తమ కష్టసుఖాలను పాలకులకు విన్నవించుకోవడం ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా ఉన్నదే. కాని ఆ విన్నపాన్ని పాలకులు తేలికగా తోసిపుచ్చలేని రీతిలో రూపొందించడం అందరికీ చేతనయ్యే పని కాదు. ఆవేదన ఒక్కటే ఉంటే అది మొరగా మిగిలిపోతుంది. ఆగ్రహం ఒక్కటే ఉంటే నినాదమై గాలిలో కలిసిపోతుంది. ఆవేదనకు ఆధారం, కోరికకు ఆచరణమార్గం తోడైనప్పుడు ఆ మాటకు బలం చేకూరుతుంది. ఈ సత్యాన్ని చిన్న వయసులోనే గ్రహించి, దానికి జీవితాన్ని అంకితం చేసిన మహనీయుడు గోపాలకృష్ణ గోఖలే. దేశంలోని ప్రతి బిడ్డకూ చదువు చెప్పించే బాధ్యతను ప్రభుత్వం స్వీకరించాలని శాసనమండలిలో ఆయన చేసిన వాదం భారతదేశ విద్యాచరిత్రలో ఒక ముఖ్య ఘట్టం.

గోఖలే 1866వ సంవత్సరం మే 9వ తేదీన నాటి బొంబాయి రాష్ట్రంలోని రత్నగిరి జిల్లా కోట్లుక్ గ్రామంలో జన్మించారు. తండ్రి కృష్ణారావు కాగల్ అనే చిన్న సంస్థానంలో స్వల్పవేతనంపై ఉద్యోగం చేసేవారు. తల్లి సత్యభామ. గోపాలుడు పదమూడేళ్ల బాలుడుగా ఉన్నప్పుడు, 1879లో, తండ్రి మరణించారు. కుటుంబభారం అన్నగారైన గోవిందరావుపై పడింది. ఆయన తన చదువు మానుకొని నెలకు 15 రూపాయల జీతంపై కొలువులో చేరారు. అందులో 8 రూపాయలు తమ్ముని చదువుకు పంపి, మిగిలిన 7 రూపాయలతో ఇల్లు గడిపేవారు. ఒక పిల్లవాని చదువు కోసం మరొక పిల్లవాడు తన చదువును వదులుకోవలసి వచ్చిన ఇల్లు అది. చదువు అనేది పేద కుటుంబంలో ఎంత వెల గల వస్తువో గోఖలేకు పుస్తకాలు చెప్పనక్కరలేదు.

కొల్హాపూరులోని రాజారాం కళాశాలలోను, పుణేలోని దక్కన్ కళాశాలలోను, బొంబాయిలోని ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలోను చదివి 1884లో గోఖలే పట్టభద్రులయ్యారు. ఆ రోజుల్లో పట్టభద్రుడైన యువకునికి ప్రభుత్వోద్యోగం సులభంగా లభించేది. అన్నగారి త్యాగానికి ప్రతిఫలంగా ఇంటికి నాలుగు రాళ్లు తెచ్చిపెట్టే అవకాశం చేతికందినా, ఆయన మనస్సు బోధనవైపు మొగ్గింది. 1885లో పుణేలోని న్యూ ఇంగ్లీష్ స్కూలులో ఉపాధ్యాయులుగా చేరారు. దక్కన్ ఎడ్యుకేషన్ సొసైటీ జీవితసభ్యునిగా చేరి, ఇరవై సంవత్సరాలు స్వల్పవేతనంతో సేవ చేస్తానని మాట ఇచ్చారు. ఆ సంస్థ నెలకొల్పిన ఫెర్గుసన్ కళాశాలలో ఆంగ్లం, గణితం, చరిత్ర, అర్థశాస్త్రం బోధించారు. ఏ పాఠం చెప్పవలసి వచ్చినా ముందుగా క్షుణ్ణంగా చదివి సిద్ధం కానిదే తరగతిలో అడుగుపెట్టేవారు కారు. పాఠశాల విద్యార్థుల కోసం ఆయన రచించిన అంకగణిత పుస్తకం విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. అంకెలతో ఏర్పడిన ఈ చెలిమి తరువాతి కాలంలో శాసనమండలిలో ఆయనకు అక్కరకు వచ్చింది.

పుణేలో గోఖలే జీవితాన్ని మలుపు తిప్పినవారు మహాదేవ గోవింద రానడే. న్యాయమూర్తిగా, సంఘసంస్కర్తగా, ఆర్థికవేత్తగా రానడే మహారాష్ట్రలో సుప్రసిద్ధులు. 1870లో ఏర్పడిన పుణే సార్వజనిక సభ ఆయన మార్గదర్శకత్వంలో ప్రజాసమస్యలపై ప్రభుత్వానికి వినతిపత్రాలు సమర్పిస్తూ ఉండేది. గోఖలే ఆ సభకు కార్యదర్శి అయ్యారు. దాని త్రైమాస పత్రికను సంపాదకులుగా నడిపారు. రానడే ఆయనకు ప్రభుత్వ నివేదికలు, జనాభా లెక్కలు, ఆదాయవ్యయ పట్టికలు ఇచ్చి చదివించేవారు. చదివినదానిపై వినతిపత్రం రాయించేవారు. రాసినదాన్ని తానే దిద్ది, మళ్లీ రాయించేవారు. ఒక వాక్యానికి ఆధారం లేకపోతే దాన్ని నిర్దాక్షిణ్యంగా కొట్టివేసేవారు. పద్నాలుగేళ్లపాటు గోఖలే ఈ గురుకులంలో శిష్యరికం చేశారు.

ఒకసారి గోఖలేకు ఒక సందేహం కలిగింది. ఎన్నో రాత్రులు కష్టపడి రాసిన వినతిపత్రానికి ప్రభుత్వం నుంచి అందినట్లు తెలిపే రెండు ముక్కల జవాబు తప్ప మరేమీ రావడం లేదు. ఇంత శ్రమ ఎందుకని ఆయన గురువుగారిని అడిగారు. రానడే ఇచ్చిన సమాధానాన్ని గోఖలే జీవితాంతం గుర్తుంచుకున్నారు. ఈ వినతిపత్రాలపై చిరునామా ప్రభుత్వానిదే అయినా, నిజానికి అవి ప్రజల కోసం రాస్తున్నవని, దేశవ్యవహారాలను గురించి ఎలా ఆలోచించాలో ప్రజలు వీటిద్వారా నేర్చుకోవాలని, ఇటువంటి రాజకీయం ఈ దేశానికి కొత్తది కనుక ఫలితం కోసం తొందరపడకుండా ఎన్నో ఏళ్లు ఈ పని చేయవలసి ఉంటుందని రానడే బోధించారు. పాలకుడు వినకపోయినా ప్రజలు వింటారన్న ఈ మాట, తరువాత ఇరవై ఏళ్లకు విద్యాబిల్లు విషయంలో అక్షరాలా నిజమైంది.

1897లో గోఖలే తొలిసారి ఇంగ్లండు వెళ్లారు. భారతదేశపు ఖర్చులను విచారించడానికి నియమించిన వెల్బీ కమిషన్ ఎదుట సాక్ష్యం చెప్పడానికి ఆయనను పంపారు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఒక్క ఏళ్లు కూడా నిండలేదు. అనుభవజ్ఞులైన ఆంగ్ల ఆర్థికవేత్తలు గుచ్చి గుచ్చి అడిగిన ప్రశ్నలకు ఆయన లెక్కలతో సమాధానాలిచ్చి ప్రశంసలు పొందారు. అయితే అదే ప్రయాణంలో ఆయన జీవితంలో అతి బాధాకరమైన సంఘటన కూడా జరిగింది. ఆ సమయంలో పుణే నగరాన్ని ప్లేగు వ్యాధి పట్టి పీడిస్తున్నది. వ్యాధి నివారణ పేరుతో ఇళ్లు సోదా చేస్తున్న సైనికులు ప్రజల పట్ల అమానుషంగా ప్రవర్తిస్తున్నారని పుణే మిత్రులు ఉత్తరాలు రాశారు. గోఖలే వాటిని నమ్మి, ఆ ఆరోపణలను బ్రిటిష్ పార్లమెంటు సభ్యుల దృష్టికి, పత్రికల దృష్టికి తెచ్చారు. బొంబాయి ప్రభుత్వం వాటిని ఖండించి రుజువులు చూపమన్నది. గోఖలే స్వదేశానికి తిరిగివచ్చి ఉత్తరాలు రాసినవారిని కలిశారు. వారు తమ పేర్లు బయటపెట్టడానికి గాని, సాక్ష్యం చెప్పడానికి గాని ముందుకు రాలేదు.

గోఖలే ముందు రెండు దారులున్నాయి. మిత్రుల పేర్లు వెల్లడించి వారిని ప్రమాదంలోకి నెట్టడం ఒకటి. రుజువు చేయలేని మాట అన్నందుకు తానే తలవంచడం రెండవది. ఆయన రెండవ దారినే ఎంచుకొని, 1897 ఆగస్టులో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. దేశమంతటా ఆయనపై నిందలు కురిశాయి. పిరికివాడని కొందరు ఎద్దేవా చేశారు. ఆనాటి కాంగ్రెసు సభలో ఆయన వేదికపై కనిపించడానికి సైతం కొందరు అభ్యంతరం చెప్పారు. ఆ అవమానాన్ని ఆయన మౌనంగా సహించారు. ప్లేగు బాధితుల సేవలో నిమగ్నమయ్యారు. చట్టసభ సభ్యుని చెవిలో వేసే ప్రతి మాటకూ రుజువు చేతిలో ఉండాలన్న పాఠాన్ని ఆయన ఇంత వెల చెల్లించి నేర్చుకున్నారు. ఆ తరువాత ఆయన సభలో చెప్పిన లెక్కను తప్పని నిరూపించడం ప్రత్యర్థులకు గగనమైంది.

1899లో గోఖలే బొంబాయి శాసనమండలికి ఎన్నికయ్యారు. రెండేళ్లకు ఫిరోజ్‌షా మెహతా ఖాళీ చేసిన స్థానంలో వైస్రాయి శాసనమండలిలో సభ్యులయ్యారు. 1902 మార్చిలో ఆయన చేసిన మొదటి బడ్జెట్ ప్రసంగం దేశాన్ని ఆకర్షించింది. కరువు కాటకాలతో ప్రజలు అల్లాడుతున్న కాలంలో ఖజానాలో మిగులు చూపడం గర్వకారణం కాదని, ఆ మిగులు పేదవాని ఉప్పుపై వేసిన పన్ను నుంచి వచ్చినదని ఆయన ప్రభుత్వపు లెక్కలతోనే నిరూపించారు. అప్పట్లో మణుగు ఉప్పుపై పన్ను రెండున్నర రూపాయలు. ఈ విషయాన్ని ఆయన ఒక్కసారి చెప్పి ఊరుకోలేదు. ఏటేటా బడ్జెట్ చర్చలో అదే ప్రశ్నను కొత్త అంకెలతో లేవనెత్తారు. 1903లో పన్ను రెండు రూపాయలకు తగ్గింది. 1905లో ఒకటిన్నర రూపాయికి, 1907లో ఒక్క రూపాయికి దిగింది. సభలో మెజారిటీ లేని సభ్యుడు సైతం పట్టుదలతో, ఆధారాలతో మాట్లాడితే ప్రభుత్వ నిర్ణయాలను ప్రభావితం చేయగలడని దేశం తెలుసుకుంది.

1905లో గోఖలే కాశీలో జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు. అదే సంవత్సరం జూన్ 12న పుణేలో భారత సేవక సమాజాన్ని స్థాపించారు. దేశసేవకు జీవితాన్ని అర్పించే యువకులు అందులో చేరి ఏళ్ల తరబడి చదువులో, పర్యటనలో శిక్షణ పొందాలని ఆయన నియమం పెట్టారు. ప్రజల తరపున మాట్లాడదలచినవాడు ముందు ప్రజల స్థితిని తెలుసుకోవాలన్నది ఆ నియమంలోని ఆంతర్యం. రానడే తనకు నేర్పినదాన్ని గోఖలే ఆ విధంగా మరొక తరానికి అందించారు.

ఇక విద్యావిషయానికి వద్దాం. ఆనాడు దేశంలో చదువు స్థితి మిక్కిలి శోచనీయంగా ఉండేది. 1901 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యులు నూటికి ఆరుగురైనా లేరు. ప్రాథమిక విద్యను నిర్బంధం చేయాలన్న కోరిక అప్పటికే కొత్తది కాదు. 1882లో హంటర్ కమిషన్‌కు సమర్పించిన నివేదనలో మహాత్మా జోతీరావు ఫూలే, రైతుల శిస్తుతో నిండిన ఖజానా రైతుబిడ్డల చదువుకు ఉపయోగపడడం లేదని ఎత్తిచూపి, పన్నెండేళ్ల వయసు వరకు ప్రాథమిక విద్యను తప్పనిసరి చేయాలని కోరారు. ప్రభుత్వం ఆ మాటను పెడచెవిన పెట్టింది. దేశీయ సంస్థానమైన బరోడాలో మాత్రం మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ 1893లో అమ్రేలి తాలూకాలో నిర్బంధ విద్యను ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టి, 1906లో రాజ్యమంతటికీ విస్తరింపజేశారు. మన దేశంలో ఇది సాధ్యం కాదనేవారికి బరోడా ఒక సజీవమైన జవాబుగా నిలిచింది.

1909లో వచ్చిన మింటో–మార్లే సంస్కరణలు శాసనమండలి సభ్యులకు తీర్మానాలు ప్రతిపాదించే హక్కునిచ్చాయి. అయినా వైస్రాయి సభలో ఎన్నికైన సభ్యులు 27 మందే. ఓటు హక్కు సామాన్య ప్రజలకు లేదు. ప్రభుత్వాధికారులదే సంఖ్యాబలం. ఓటుకు పెడితే ప్రభుత్వం కాదన్నది నెగ్గే అవకాశం లేదు. ఈ పరిమితిని ఎరిగి ఉండి కూడా గోఖలే కొత్త హక్కును వెంటనే వినియోగించుకున్నారు. 1910 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మన కూలీలను ఒప్పందంపై తరలించడాన్ని ఆపాలని తీర్మానం తెచ్చి ప్రభుత్వంచేత ఒప్పించారు. మరుసటి నెలలోనే విద్యను గురించి తీర్మానం ప్రవేశపెట్టారు. ప్రాథమిక విద్యను ఉచితంగా, నిర్బంధంగా చేసే ప్రయత్నం దేశంలో ప్రారంభం కావాలని, అందుకు తగిన పథకాన్ని రూపొందించడానికి అధికారులు, అనధికారులు కలిసిన సంఘాన్ని నియమించాలని ఆయన కోరారు. విషయాన్ని జాగ్రత్తగా పరిశీలిస్తామని ప్రభుత్వం హామీ ఇవ్వడంతో తీర్మానాన్ని ఉపసంహరించుకున్నారు.

ఆ ఏడాది చివర ప్రభుత్వం విద్యకు ప్రత్యేక శాఖను ఏర్పాటు చేసింది. సర్ హార్‌కోర్ట్ బట్లర్ ఆ శాఖను నిర్వహించే సభ్యుడయ్యాడు. కాని నిర్బంధ విద్య ఊసు మాత్రం లేదు. హామీ ఇచ్చినవారు మరచిపోయినా, హామీ పొందినవాడు మరచిపోకూడదు. సరిగ్గా ఏడాదికి, 1911 మార్చి 16న, గోఖలే తానే ఒక బిల్లును సభలో ప్రవేశపెట్టారు.

ఆ బిల్లు రూపకల్పనలోనే ఆయన చాతుర్యం కనిపిస్తుంది. దేశమంతటా ఒక్కసారిగా నిర్బంధ విద్యను అమలు చేయమని ఆయన అడగలేదు. ఇష్టపడిన పురపాలక సంఘాలకు, జిల్లా బోర్డులకు మాత్రమే ఆ అధికారం ఇవ్వమన్నారు. ఆ ప్రాంతంలో బడి ఈడు పిల్లలలో నిర్ణీత శాతం అప్పటికే బడికి వెళుతూ ఉండాలని, పైగా రాష్ట్ర ప్రభుత్వ అనుమతి పొందాలని షరతులు పెట్టారు. వయసు ఆరు నుంచి పది సంవత్సరాలని నిర్ణయించారు. ముందు బాలురకు అమలు చేసి, క్రమంగా బాలికలకు విస్తరించవచ్చునన్నారు. నెలకు పది రూపాయల లోపు ఆదాయం గల తల్లిదండ్రుల నుంచి జీతం వసూలు చేయరాదన్నారు. ఇంటికి మైలు దూరంలో బడి లేకపోతే పిల్లవానిని పంపలేదని తల్లిదండ్రులను శిక్షించరాదన్నారు. అనారోగ్యం వంటి కారణాలకు మినహాయింపు ఇచ్చారు. ఖర్చులో మూడింట రెండు వంతులు ప్రభుత్వం, ఒక వంతు స్థానిక సంస్థ భరించాలని ప్రతిపాదించారు. అవసరమైతే స్థానిక సంస్థ విద్యాపన్ను విధించుకోవచ్చునన్నారు.

ఈ ప్రతిపాదనలను పరిశీలిస్తే గోఖలే పాలకుల మనస్సును ఎంత లోతుగా చదివారో అర్థమవుతుంది. డబ్బు ఎక్కడినుంచి తేవాలని ప్రభుత్వం అడుగుతుందని ఆయనకు తెలుసు. అందుచేత ఖర్చు పంపకాన్ని బిల్లుతోపాటే సూచించారు. ప్రజలు నిర్బంధాన్ని సహించరని అంటారని తెలుసు. అందుచేత సిద్ధంగా ఉన్న ఊళ్లతోనే ప్రారంభించమన్నారు. అదుపు తప్పిపోతుందని అంటారని తెలుసు. అందుచేత అనుమతి ఇచ్చే తాళంచెవిని ప్రభుత్వం చేతిలోనే ఉంచారు. ఎదుటివాడు కాదనడానికి వెతికే ప్రతి సాకునూ ముందుగానే తొలగించి, అతడు అవునన గలిగే చిన్న అడుగును చూపించడం ఆయన పద్ధతి.

అంకెలను కూడా ఆయన తగిన చోట తగినంతగానే వాడారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మొత్తం జనాభాలో నూటికి 21 మంది ప్రాథమిక పాఠశాలల్లో చదువుతున్నారని, జపానులో 11 మంది చదువుతున్నారని, బ్రిటిష్ ఇండియాలో మాత్రం ఇద్దరైనా లేరని, ఆ సంఖ్య 1.9 మాత్రమేనని ఆయన సభకు తెలిపారు. ఇంగ్లండు సైతం 1870లో చట్టం చేసి, 1880లో హాజరును నిర్బంధం చేసి, 1891లో ఉచిత విద్యకు దారి తెరిచిందని గుర్తుచేశారు. తమ స్వదేశంలో మంచిదైన విధానం భారతదేశంలో ఎందుకు చెడ్డదవుతుందో ఆంగ్ల అధికారులు చెప్పలేని స్థితి కల్పించారు. ఇంత చేసినా ఆయన మాటలో పరుషత్వం లేదు. బట్లర్‌ను గాని, ఇతర అధికారులను గాని వ్యక్తిగతంగా నిందించలేదు.

ప్రభుత్వం బిల్లును అభిప్రాయసేకరణకు రాష్ట్ర ప్రభుత్వాలకు, స్థానిక సంస్థలకు, ప్రజాసంఘాలకు పంపింది. ఆ ఏడాది పొడవునా దేశంలో విద్యను గురించి మునుపెన్నడూ లేని చర్చ జరిగింది. కాంగ్రెసు, ముస్లిం లీగు రెండూ బిల్లును సమర్థించాయి. ఊరూరా సభలు జరిగాయి. పత్రికలు వ్యాసాలు ప్రచురించాయి. మరొకవైపు వ్యతిరేకత కూడా తక్కువగా లేదు. పిల్లలు బడికి పోతే పొలం పనులకు, పశువులను కాయడానికి ఎవరు దొరుకుతారని కొందరు భూస్వాములు కలవరపడ్డారు. బడిలో తమ భాషకు చోటు ఉండదేమోనని ముస్లింలలో కొందరు సందేహించారు. కొత్త పన్ను పడుతుందని మరికొందరు భయపడ్డారు. రాష్ట్ర ప్రభుత్వాలు దాదాపు అన్నీ బిల్లు వద్దన్నాయి. గోఖలే వచ్చిన అభిప్రాయాలన్నిటినీ ఓపికగా చదివారు. న్యాయమైన సందేహాలకు తగిన సవరణలు చేయడానికి తాను సిద్ధమని ప్రకటించారు.

1912 మార్చి 18, 19 తేదీలలో బిల్లు చర్చకు వచ్చింది. దాన్ని సెలెక్టు కమిటీకి పంపమని మాత్రమే గోఖలే కోరారు. మదనమోహన మాలవీయ, మహమ్మదాలీ జిన్నా, మజహరుల్ హక్, భూపేంద్రనాథ్ బసు వంటి ప్రముఖులు ఆయన పక్షాన నిలిచారు. ప్రజల నుంచి కోరిక రాలేదని, రాష్ట్ర ప్రభుత్వాలు అంగీకరించలేదని, స్వచ్ఛందంగా విద్యావ్యాప్తి జరగడానికి ఇంకా అవకాశం ఉందని ప్రభుత్వం వాదించింది. గోఖలే ఒక్కొక్క వాదానికీ సమాధానం చెప్పారు. చివరకు ఓట్లు లెక్కించగా అనుకూలంగా 13, ప్రతికూలంగా 38 వచ్చాయి. బిల్లు వీగిపోయింది.

ఈ ఫలితం గోఖలేకు తెలియనిది కాదు. చర్చ ప్రారంభించినప్పుడే, సాయంత్రానికి తన బిల్లు తిరస్కృతమవుతుందని తనకు తెలుసునని, అందుకు తాను ఎవరినీ నిందించనని ఆయన అన్నారు. తన తరం వారికి అపజయాల ద్వారానే దేశానికి సేవ చేసే భాగ్యం కలిగిందని, విజయాల ద్వారా సేవ చేసే స్త్రీపురుషులు తరువాత వస్తారని, తమ కష్టం వారికి మెట్టుగా ఉపయోగపడితే చాలునని చెప్పారు. ఈ బిల్లు మళ్లీ మళ్లీ సభ ముందుకు వస్తూనే ఉంటుందని హెచ్చరించారు. ఓటమిని ముందుగా అంగీకరించి పోరాడడం నిరాశకు చిహ్నమని మనకు అనిపించవచ్చు. కాని ఆయన విషయంలో అది రానడే నేర్పిన పాఠం. సభలో ఆయన మాట్లాడింది యాభై మంది సభ్యులతోనే అయినా, విన్నది మాత్రం యావద్దేశం.

బిల్లు ఓడినా దాని ఒత్తిడి వృథా కాలేదు. బిల్లు పరిశీలనలో ఉండగానే, 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారు సందర్భంగా ప్రభుత్వం ప్రజావిద్యకు ఏటా 50 లక్షల రూపాయలు ప్రకటించింది. 1913 ఫిబ్రవరిలో వెలువరించిన విద్యావిధాన ప్రకటనలో నిర్బంధ విద్యను అంగీకరించకపోయినా, ప్రాథమిక పాఠశాలలను విస్తరింపజేయవలసిన బాధ్యతను ఒప్పుకున్నది. అడిగినది దక్కకపోయినా, అడగకపోతే రానిది కొంత వచ్చింది.

గోఖలే ఆరోగ్యం అప్పటికే క్షీణించింది. మధుమేహం ఆయనను బాధిస్తున్నది. అయినా 1912లో దక్షిణాఫ్రికా వెళ్లి అక్కడి భారతీయుల స్థితిగతులను పరిశీలించి, గాంధీజీ పోరాటానికి అండగా నిలిచారు. గాంధీజీ ఆయనను తన రాజకీయ గురువుగా భావించారు. ప్రభుత్వోద్యోగాలపై ఏర్పడిన రాయల్ కమిషన్‌లో సభ్యునిగా కూడా గోఖలే విశ్రాంతి లేకుండా శ్రమించారు. 1915 ఫిబ్రవరి 19న పుణేలో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 48 సంవత్సరాలే. రాజకీయాలలో ఆయనతో తీవ్రంగా విభేదించిన లోకమాన్య తిలక్ శ్మశానవాటికకు వచ్చి, ఆ జీవితాన్ని ఆదర్శంగా తీసుకొమ్మని ప్రజలకు ఉద్బోధించారు.

ఆయన జోస్యం ఫలించడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆయన మరణించిన మూడేళ్లకు, 1918లో, విఠల్‌భాయి పటేల్ కృషితో బొంబాయి రాష్ట్రంలో ప్రాథమిక విద్యాచట్టం వచ్చింది. పురపాలక సంఘాలు నిర్బంధ విద్యను ప్రవేశపెట్టుకోవచ్చునన్న ఆ చట్టంలో గోఖలే బిల్లు ఛాయ స్పష్టంగా కనిపిస్తుంది. 1920లో మద్రాసు రాష్ట్రంలో కూడా ప్రాథమిక విద్యాచట్టం వచ్చింది. నాటి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనివే కనుక, పుణే పంతులుగారు నాటిన విత్తనం తెలుగునేలపైనా మొలకెత్తిందని చెప్పవచ్చు. స్వతంత్ర భారత రాజ్యాంగం 45వ అధికరణంలో పద్నాలుగేళ్ల వయసు వరకు ఉచిత నిర్బంధ విద్యను పదేళ్లలో కల్పించడానికి ప్రయత్నించాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ గడువు దాటిపోయింది. 1993లో ఉన్నికృష్ణన్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రభుత్వం మధ్య జరిగిన వ్యాజ్యంలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు విద్య ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2002లో 86వ సవరణ ద్వారా ఆ హక్కు రాజ్యాంగంలోకి ఎక్కింది. 2009లో విద్యాహక్కు చట్టం రూపొంది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. గోఖలే బిల్లు ప్రవేశపెట్టిన నాటికి, ఈ చట్టం అమలైన నాటికి మధ్య దాదాపు నూరేళ్లు గడిచాయి.

ఆనాడు గోఖలే మైలు దూరంలో బడి ఉండాలన్న షరతు పెడితే, నేటి నిబంధనలు అయిదో తరగతి వరకు కిలోమీటరు లోపల బడి ఉండాలంటున్నాయి. ఆనాడు ఆయన ఆరేళ్ల నుంచి పదేళ్ల వరకు అడిగితే, నేటి చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు హక్కునిచ్చింది. బడి యాజమాన్య కమిటీలో మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని కూడా ఈ చట్టం నిర్దేశించింది. ఆనాడు విన్నపంగా ఉన్నది ఈనాడు హక్కుగా మారింది. అయితే హక్కు కాగితంపై ఉన్నంతమాత్రాన పైకప్పు కారడం ఆగదు, ఖాళీగా ఉన్న ఉపాధ్యాయుని కుర్చీ నిండదు. వార్డు సభ్యుని నుంచి శాసనసభ్యుని వరకు, పార్లమెంటు సభ్యుని వరకు ఎవరో ఒకరికి ఆ సంగతి తెలియజేయవలసిందే.

ఆ తెలియజేసే విధానంలో గోఖలే జీవితం మనకు మార్గదర్శకం. చెప్పదలచిన విషయాన్ని ముందు తాను పూర్తిగా తెలుసుకోవాలి. రుజువు లేని మాటను ఎంత బలమైనదైనా విడిచిపెట్టాలి. నిర్ణయం తీసుకొనే అధికారం ఎవరిదో ఎరిగి, వారినే అడగాలి. అడిగేది స్పష్టంగా, ఆచరణసాధ్యంగా ఉండాలి. దానికయ్యే ఖర్చును, అది వచ్చే దారిని కూడా చూపగలగాలి. కాదన్నవారిని శత్రువులుగా చూడక, వారి అభ్యంతరంలో ఏదైనా న్యాయముంటే స్వీకరించాలి. ఒకసారి ఇచ్చిన హామీని మరువక, మర్యాదతో మళ్లీ గుర్తుచేయాలి. ఓటు హక్కు సైతం లేని పరాయి పాలనలో, తమకు లోబడని అధికారుల ముందు గోఖలే ఇదంతా చేశారు. నేడు ఆ చట్టసభల్లో కూర్చున్నవారు మన ఓటుతో అక్కడికి చేరినవారు. వారితో మాట్లాడవలసిన బాధ్యత, మాట్లాడగలిగే అర్హత, చదువుకున్న ప్రతి యువకునికీ యువతికీ ఉన్నాయి. తమ్ముని చదువు కోసం ఏ అన్నా తన చదువు మానుకోనవసరం లేని రోజు కోసం గోఖలే పాటుపడ్డారు. ఆ రోజు ప్రతి ఇంటికీ చేరేలా చూడడమే ఆయనకు మనం చెల్లించగల నిజమైన నివాళి.